గుమ్మం మీది ఇటుకలు

పుట్టీ వాసన నాకు పడదు. ఆ డబ్బా మూత తీస్తున్న చప్పుడు వింటేనే ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకుంటాను. మా ఆయన మాత్రం ఆ డబ్బాని కన్నబిడ్డలా చూసుకుంటాడు. సెలవు రోజు వస్తే చాలు, పాత చొక్కా తొడుక్కుని స్టూలెక్కుతాడు. గుమ్మం మీద ఇటుకల మధ్య పడిన పగుళ్లలో ఆ తెల్ల ముద్దని వేలితో కూరతాడు. కూరి, కిందికి దిగి, నాలుగడుగులు వెనక్కి వేసి, తల ఒక పక్కకి వాల్చి చూసుకుని "చూశావా, పోయింది" అంటాడు.

ఏం పోయిందో ఆయనకే తెలియాలి. పై వారానికి ఆ పుట్టీ పెచ్చుగా ఊడి కింద పడి ఉంటుంది, పగులు ఇంకాస్త నోరు తెరుచుకుని ఉంటుంది. ఆ పెచ్చులు ఊడ్చేది నేనే. పైన పటారం, లోన లొటారం అని పెద్దవాళ్లు మా ఇంటిని చూసే అని ఉంటారు.

ఈ ఇల్లు మా మామయ్య కట్టించింది. ముందు గోడకి లోపలా బయటా పూత లేదు, ఎర్ర ఇటుకలు అలాగే కనిపిస్తాయి. ఆ వరసల్ని చూసుకుని ఆయన బతికినన్నాళ్లూ మురిసిపోయాడు. గుమ్మానికీ, దానికి అటూ ఇటూ ఉన్న రెండు కిటికీలకీ జానెడు మందం చెక్క చట్రాలు ఉండేవి. ఆ చెక్క మీదే ఇటుకలు పేర్చుకుంటూ పైకి వెళ్లారు. మధ్యలో బరువు మోసే సిమెంటు దూలం, అదే లింటెల్, లేదు, ఇనుప కమ్మీ లేదు. అంత చెక్క ఉండగా ఇంకేం కావాలి అనుకున్నారు కాబోలు. అనుకున్నట్టే ఆ చెక్క ఏళ్ల తరబడి కిక్కురుమనకుండా మోసింది. రంగు పోయింది, రెక్కలు వానాకాలంలో ఉబ్బేవి, అంతే. ఒక్క ఇటుక జారలేదు.

అలాంటి దాన్ని మా మరిది వచ్చి మార్చాడు.

మా మరిది అంటే మా ఆయన తమ్ముడు. నలభై దాటాయి, పొట్ట వచ్చింది, జుట్టు సగం పోయింది, అయినా ఇంట్లో అందరికీ చిన్నోడే. పాత కిటికీలు, తలుపులు పీకి తెల్లటి ప్లాస్టిక్‌వి బిగించే వ్యాపారం అతనిది. వేరే వీధిలో కాపురం. మాట తీయన, చెయ్యి దురుసు. వాళ్లమ్మకి, అంటే మా అత్తయ్యకి, అతను ఏం చేసినా ముద్దే. కాకి పిల్ల కాకికి ముద్దు కదా. దానికి తోడు మా అత్తవారి వంశానికి ఒక నియమం ఉంది: ఇంటి మీద బయటివాడి చెయ్యి పడకూడదు. కుళాయి కారితే మా ఆయన బాబాయి కొడుకు వస్తాడు. అతను వెళ్లాక కుళాయి రెండు చోట్ల కారుతుంది. ఫ్యాను ఆగిపోతే ఆడపడుచు మొగుడు వస్తాడు. ఫ్యాను తిరుగుతుంది, లైటు ఆరిపోతుంది. ఎవరూ ఏమీ అనరు. "మనవాడు" అన్న మాటే ఇక్కడ గ్యారంటీ కార్డు. మనవాడి పని బాగా లేదన్నవాళ్లు పరాయివాళ్లు. పెళ్లై ఇన్నేళ్లయినా నేను అప్పుడప్పుడూ పరాయిదాన్ని అవుతుంటాను.

చిన్నోడు రంపంతో, గునపంతో ఆ పాత చెక్కని ముక్కలు ముక్కలు చేసి లాగేసిన రోజు నాకు గుర్తే. అత్తయ్య కుర్చీలో కూర్చుని వీధిలో పోయేవాళ్లందరికీ "మా చిన్నోడు" అని చూపించింది. ఖాళీ అయిన చోట వేలెడు మందం ప్లాస్టిక్ చట్రం నిలబెట్టాడు. చుట్టూ సందుల్లో ఒక డబ్బాలోంచి పసుపుపచ్చని నురగ కొట్టాడు. అది బుసబుసా ఉబ్బి, బయటికి కారి, గట్టిపడింది. చీము కారినట్టుంది అన్నాను. అందరూ నన్ను అదోలా చూశారు. అతను కత్తితో ఆ నురగని చెక్కేసి, తుడిచేసి, "వదినా, ఇంక నీ జన్మలో కిటికీకి రంగు వెయ్యక్కర్లేదు" అన్నాడు.

రంగు వెయ్యక్కర్లేదన్నది నిజమే. కొన్నాళ్లకి కిటికీ తెరవడమూ అక్కర్లేకుండా పోయింది. ఎంత లాగినా రాదు. చిన్నోడు వచ్చి, వంకరగా ఉన్న ఒక చిన్న ఇనుప కీ తీసి, కిటికీ మూల ఎక్కడో తిప్పాడు. రెక్క కాస్త కిందికి దిగింది, తెరుచుకుంది.

"చూశావా, చెయ్యి పెడితే చాలు!" అంది అత్తయ్య.

మళ్లీ బిగుసుకుంది. మళ్లీ వచ్చాడు, మళ్లీ తిప్పాడు. తర్వాత తలుపు వంతు. పైఅంచు చట్రానికి రాసుకుని కీచుమనేది. అతను కీ తిప్పీ తిప్పీ, తిప్పడానికి చోటు అయిపోయాక, తలుపు పైన ఉండే రబ్బరు పట్టీ పీకేశాడు. "ఇప్పుడు హాయిగా ఆడుతుంది" అన్నాడు. పైనుంచి గోడ దిగుతుంటే తలుపుని పొట్టిగా చేసుకుంటూ పోయే తెలివి మా వాళ్లకే ఉంది. గోడ ఎందుకు దిగుతోంది అని అడిగినవాళ్లు లేరు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడింది అని నేనంటే మా ఆయన నవ్వేసి, పుట్టీ డబ్బా కొనుక్కొచ్చాడు.

ముందు గదిలో ఎడమ కిటికీ కింద నా కుట్టుమిషను ఉంటుంది. నేను చొక్కాలు, స్కూలు పిల్లల యూనిఫాంలు కుడతాను. ఒకరోజు తెల్ల గుడ్డ మీద ఎర్రటి పొడి కనిపించింది. దులిపాను. మర్నాడు మళ్లీ. ఎక్కడిదా అని తల ఎత్తి చూస్తే కిటికీ పైన చట్రానికీ గోడకీ మధ్య, ఆ చీము నురగ పక్కనుంచి, ఇటుక పొడి సన్నగా రాలుతోంది. నా దగ్గర కుట్టించుకునే ఒకావిడ వాళ్లాయన కొత్త చొక్కా భుజం మీద మరక చూసి ముక్కు చిట్లించింది. నాకు తల కొట్టేసినట్టయింది. ఇన్నేళ్లలో నేను కుట్టిన గుడ్డకి ఎవరూ వంక పెట్టలేదు.

అంతకంటే రోత పుట్టించింది ఇంకోటి ఉంది. అత్తయ్యకి తుంటి విరిగి అతికినప్పటినుంచి ఎక్కువ నడవలేదు. పొద్దున లేచింది మొదలు దీపాలు పెట్టేదాకా సరిగ్గా గుమ్మంలో, తలుపు బార్లా తీసి, తన చేతుల కుర్చీలో కూర్చుంటుంది. వీధే ఆవిడకి లోకం. ఎవరింటికి ఎవరొచ్చారో, ఎవరి పిల్లాడు ఎవరిని కొట్టాడో అన్నీ ఆవిడకి కావాలి. ఒక సాయంత్రం టీ గ్లాసు ఇచ్చాను. కాసేపటికి చూస్తే, గ్లాసులోంచి ఏదో వేలితో తీసి పక్కన పడేసి మళ్లీ తాగుతోంది. దగ్గరికి వెళ్లి చూశాను. సిమెంటు పలుకులు.

"అత్తయ్యా, అవి పైనుంచి పడుతున్నాయి!"

"ఇసుకే కదమ్మాయ్, విషం కాదుగా. ఇల్లన్నాక రాలుతుంది" అని గుటక వేసింది.

ఆవిడ నెత్తి మీద నెరిసిన జుట్టులో ఎర్ర పొడి ఉంది. కొంగుతో దులుపుతుంటే చెయ్యి తోసేసింది.

ఆ మర్నాడు పొద్దున కుర్చీని గుమ్మంలోంచి తీసి గది మధ్యలో వేశాను. అత్తయ్య అన్నం మానేసింది. గోడ వైపు తిరిగి పడుకుని, "నన్ను వీధి చూడనివ్వని కోడలు వచ్చింది" అని గోడతో చెప్పుకుంది. ఎదురింటావిడ వచ్చి నన్ను చీవాట్లు పెట్టి వెళ్లింది. సాయంత్రానికి మా ఆయనే కుర్చీ మోసుకెళ్లి మళ్లీ గుమ్మంలో వేశాడు. ఆవిడ కూర్చుని టీ అడిగింది.

సరే, మాటలతో కాదు, చూపిస్తే నమ్ముతారు అనుకున్నాను. దారం పట్టుకుని కొలవడం నాకు వచ్చిన విద్య. మిషను మీది తెల్లదారం తీసి, గుమ్మం పైన ఇటుకల వరస వెంబడి ఈ మూలనుంచి ఆ మూలకి గట్టిగా లాగి రెండు మేకులకి కట్టాను. దారం తిన్నగా ఉంది. దాని కింద ఇటుకల వరస మధ్యలో నా బొటనవేలు దూరేంత కిందికి దిగిపోయి ఉంది. కిటికీల మీద కూడా అంతే. లోపల గట్టి బక్రం గుడ్డ పెట్టని కాలర్ ఎలా చతికిలబడుతుందో అలా ఉంది గోడ.

మా ఆయన్ని పిలిచి చూపించాను. ఆయన స్టూలెక్కి, కళ్లు చికిలించి, చాలాసేపు చూశాడు. దిగి వచ్చి అన్నాడు:

"దారం వంగిందేమోనే."

"లాగి కట్టిన దారం పైకి వంగుతుందా అండీ?"

"ఏమో, గాలికి…"

ఆడలేక మద్దెల ఓడు అన్నట్టు, గోడని ఏమీ అనలేక దారాన్ని అన్నాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "చిన్నోడికి చెబుదాంలే, నెమ్మదిగా. ఒక్కసారిగా అంటే వాడి మనసు నొచ్చుకుంటుంది" అన్నాడు మళ్లీ.

"వాడి మనసు సంగతి సరే, మీ అమ్మ నెత్తి సంగతేంటి?"

ఆయన డబ్బా మూత తీశాడు.

ఇక లాభం లేదని నేనే వెళ్లి పక్కవీధిలో పనిచేస్తున్న ఒక మేస్త్రీని తీసుకొచ్చాను. గొప్ప మనిషేం కాదు. నోరు తెరిస్తే తన గొప్పలు, ఊళ్లో మిగతా మేస్త్రీలందరి మీదా తిట్లు. వచ్చేదారిలోనే నాకు తలనొప్పి తెప్పించాడు. అలాంటివాడు మా గుమ్మం ముందుకి వచ్చి, తల ఎత్తి, చెబుతున్న గొప్పని మధ్యలో ఆపేశాడు. రెండడుగులు వెనక్కి వేశాడు.

"పాత చెక్క ఏదమ్మా?"

"తీసేశారు."

"తీసి, పైన ఏం పెట్టారు?"

"నురగ."

వాడు పక్కకి తిరిగి ఉమ్మేశాడు. ఆ ఉమ్మినందుకు నాకు అసహ్యం వేసింది గానీ, ఎందుకు ఉమ్మాడో అర్థమైంది. "బరువంతా ఆ చెక్కే మోసిందమ్మా. ఇప్పుడు మోసేది ఏదీ లేదు. ఇటుకలు ఒకదాన్నొకటి పట్టుకుని వేలాడుతున్నాయి, అంతే. ముందు ఇనుప జాకీలు ఊతంగా పెట్టి ఆపాలి, ఆనక పై వరసలు విప్పి లింటెల్ వెయ్యాలి. అప్పటిదాకా దీని కింద మనిషిని ఉంచకండి."

"ఎవర్రా అది, నేనిక్కడ ఉండగానే నా గురించి మాట్లాడేది?" అంది అత్తయ్య కుర్చీలోంచి. "ఇది మా చిన్నోడు బిగించిన గుమ్మం. నీ పని నువ్వు చూసుకో."

మా ఆయన పరిగెత్తుకొచ్చి మేస్త్రీకి రెండు చేతులూ జోడించి, మా ఇంట్లో పనివాడు ఉన్నాడు, అవసరమైతే కబురు చేస్తాం అని వీధి చివరిదాకా సాగనంపి వచ్చాడు. వచ్చి, బయటివాడిని ఇంటి మీదికి తెచ్చానని నా మీద ఎగిరాడు. తమ్ముడి పరువు తీశానట. చెవిటివాడి ముందు శంఖం ఊదడం ఎలా ఉంటుందో ఆ పూట నాకు తెలిసింది. ఊది ఊది నా దవడలు నొప్పి పుట్టాయి. చివరికి ఆయనే, "రేపు చిన్నోడిని రమ్మంటాను, వాడే చెబుతాడు" అన్నాడు.

మర్నాడు మధ్యాహ్నం చిన్నోడు వచ్చాడు. నేను వంటింట్లో ఉన్నాను. పెరటి తలుపు తోసుకుని, "వదినా, ఏం చేశావు ఇవాళ?" అంటూ గిన్నె మీది మూత ఎత్తి చూశాడు. ఎప్పుడూ అంతే. వ్యాను వీధిలో గుమ్మం ఎదురుగానే ఆపుతాడు, ఇల్లు చుట్టి పెరట్లోంచి వస్తాడు. తిండి మీద ధ్యాస అనుకునేదాన్ని.

మూత పట్టుకున్న అతని చెయ్యి చూస్తూ నిలబడ్డాను. ఎప్పటినుంచి ఇలా వస్తున్నాడు? గుర్తుచేసుకున్నాను. మొదటిసారి కిటికీ బిగుసుకున్నప్పుడు వీధి గుమ్మంలోంచే వచ్చాడు, వాళ్లమ్మ బుగ్గ గిల్లి లోపలికి నడిచాడు. రబ్బరు పట్టీ పీకేసిన నాటినుంచి ఒక్కసారి కూడా ఆ గుమ్మం దాటలేదు. వానొచ్చిన రోజున కూడా తడుస్తూ ఇల్లు చుట్టి వచ్చాడు. పిల్లల్ని తెచ్చినప్పుడు వాళ్లని కూడా పెరట్లోంచే తెచ్చాడు. "నానమ్మ దగ్గరికి పోకండి, విసిగిస్తారు" అని వంటింట్లోనే కూర్చోబెట్టాడు.

తెలుసన్నమాట. ఇతనికి అంతా తెలుసు.

చేతకాని పని చేశాడనుకుంటే కోపం వస్తుంది, అంతే. తెలిసి, తన పిల్లల్ని మాత్రం పక్కకి తప్పించి, తల్లిని అక్కడ కూర్చోనిచ్చాడని తెలిశాక నాకు వచ్చింది కోపం కాదు. మురిక్కాలవలో చెయ్యి పడినట్టు ఒళ్లంతా జలదరించింది. అతను నా గిన్నెలోంచి ఒక ముక్క తీసి నోట్లో వేసుకుని, "ఉప్పు తక్కువైంది వదినా" అన్నాడు.

"ముందు గదిలోకి రా. మీ అన్నయ్య ఎదురుచూస్తున్నాడు" అన్నాను.

మా ఆయన స్టూలు మీద ఉన్నాడు, వేలికి పుట్టీ. అత్తయ్య మెడ వెనక్కి తిప్పి, "వచ్చావా నాన్నా" అని ముఖమంతా నవ్వింది. చిన్నోడు గది మధ్యలో ఆగిపోయాడు. "ఏమీ లేదన్నయ్యా, చట్రాలు మార్చిన కొత్తలో ఏ గోడైనా కాస్త సర్దుకుంటుంది. నేనో కమ్మీ చూస్తాలే. మేస్త్రీలు అలాగే భయపెడతారు, పని దొరకాలి కదా వాళ్లకి" అన్నాడు.

"అదే నేనూ అన్నాను" అన్నాడు మా ఆయన.

నేను మిషను మీద చెయ్యి ఆనించి నిలబడ్డాను. గొంతులో తేనె పోసుకుని అన్నాను: "అత్తయ్యా, పాపం మీ అబ్బాయికి చెమటలు కారిపోతున్నాయి. గుమ్మంలో గాలి బాగుంది. కాసేపు మీ కుర్చీలో కూర్చోనివ్వండి."

ఆవిడకి అంతకంటే ఏం కావాలి? చేతికర్ర అందుకుంది. నేను రెక్క పట్టుకుని లేపి గదిలోకి నడిపించాను. ఆవిడ వెనక్కి తిరిగి కుర్చీ వీపు మీద తట్టింది. "రారా, కూర్చో."

"వద్దమ్మా. నువ్వే కూర్చో."

"ఎప్పుడూ నేనే కూర్చుంటున్నానుగా. రా."

"బట్టలు మట్టిగా ఉన్నాయి."

"కుర్చీ ఏమన్నా సింహాసనమా? కూర్చోరా."

"నడుం పట్టేసిందమ్మా, కూర్చుంటే లేవలేను."

"అమ్మ అంత ఇదిగా అడుగుతుంటే కూర్చోవేంరా?" అన్నాడు మా ఆయన స్టూలు మీదనుంచి. ఆయనకి నిజంగానే ఏమీ అర్థం కాలేదు. ఆయన నెత్తికి జానెడు దూరంలోనే ఉన్నాయి ఆ ఇటుకలు. పాపం, ఆయన నమ్మాడు. ఆ క్షణంలో ఆయన మీద నాకున్న కోపం సగం పోయింది.

అత్తయ్య నా చెయ్యి విడిపించుకుని, చిన్నోడి మణికట్టు పట్టుకుని గుమ్మం వైపు లాగింది. ముద్దుగా, చిన్నపిల్లాడిని అన్నానికి లాక్కెళ్లినట్టు. రెండడుగులు వచ్చాడు. కుర్చీ దాకా వచ్చాక తల ఎత్తి పైకి చూశాడు. చూసి, చెయ్యి విసురుగా లాగేసుకున్నాడు. అత్తయ్య తూలింది. నేను పట్టుకోకపోతే పడిపోయేది.

ఆవిడ ముందు అతని ముఖం చూసింది. తర్వాత అతను చూసిన వైపు చూసింది. అన్నాళ్లూ ఆ కుర్చీలో కూర్చుని వీధంతా చూసిన మనిషి, తన నెత్తి మీద ఏముందో తల ఎత్తి చూడటం అదే మొదటిసారి. కిందికి జారిన వరస, వాటి మధ్య మెట్లు మెట్లుగా పాకిన పగులు, అందులో కూరిన పుట్టీ, అన్నీ మెల్లగా చూసింది.

"పడుతుందారా?" అంది.

"అబ్బే, ఇప్పుడే పడదమ్మా."

"నీకు ముందే తెలుసా?"

అతను అన్నయ్య వైపు చూశాడు, నా వైపు చూశాడు. "పాత చెక్క తీసినప్పుడే పైన కమ్మీ వెయ్యాలనుకున్నాను. పై వరసలు చాలా విప్పాల్సి వచ్చేది, పెద్ద పని… ఇంకొన్నాళ్లు ఆగుతుందిలే అనుకున్నానమ్మా."

"ఎన్నాళ్లు?"

అతను జేబులోంచి ఆ వంకర కీ తీసి వేళ్ల మధ్య తిప్పాడు.

"నేనున్నన్నాళ్లా?"

మా ఆయన స్టూలు దిగి, కుర్చీని గదిలోకి ఈడ్చాడు. తర్వాత వీధి తలుపు మూసి, పెరటి దారిన తానే వెళ్లి మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు, సాయంత్రానికి జాకీలు పడ్డాయి. అదంతా తర్వాతి సంగతి. అప్పుడు మాత్రం అత్తయ్య కూర్చోలేదు. కర్ర మీద రెండు చేతులూ వేసి, చిన్నోడి ముఖంలోకి చూస్తూ నిలబడింది. నేను వాళ్లమ్మని కాను గనక నాకు జవాబు అప్పుడే తెలిసిపోయింది. ఆవిడ మాత్రం, కాదంటాడేమోనని చాలాసేపు చూసింది.